కరెంట్ పెడితే ఒళ్లు కాలుతుందా? నానీ కాలం నాటి రేడియేషన్ వేరు, ఇప్పటిది వేరు

మా పెద్ద ఖాలాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశారు. కుట్లు ఆరాక డాక్టర్ దగ్గరికి వెళితే "ఇక 15 సిట్టింగుల రేడియేషన్ ఇద్దాం" అన్నారు. ఖాలా తల ఊపింది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాక మాత్రం తేల్చి చెప్పేసింది: "మేరేకు సెకాయి నక్కో."

ఆపరేషన్ అంటే భయపడని మనిషి దీనికి ఎందుకు భయపడింది? కారణం మా నానీ. 1990ల చివర్లో నానీకి గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ వచ్చింది. గర్భసంచి తీసేసి, తర్వాత "కరెంట్ పెట్టారు". ఆస్పత్రిలో తోడు ఉన్నది ఖాలానే. నడుము దగ్గర, తొడల మధ్య చర్మం నల్లగా మాడినట్టు అవడం, నెలల తరబడి విరేచనాలు ఆగకపోవడం, నానీ అన్నం చూస్తేనే ఏడవడం, ఇవన్నీ ఖాలా కళ్లతో చూసింది. ఆ తర్వాత నానీ నాలుగేళ్లు బతికింది, ఇద్దరు మనవరాళ్ల నిఖా చూసింది. కానీ మా ఇంట్లో ఎవరికీ ఆ నాలుగేళ్లు గుర్తుండవు. నల్లబడిన చర్మమే గుర్తు.

ఇలాంటి జ్ఞాపకం మన ఇళ్లలో చాలామందికి ఉంటుంది. అందుకే ఖాలాతో వాదించే ముందు అసలు విషయం తెలుసుకుందామని కూర్చున్నాను. నేను చదివింది బీకాం. ఫిజిక్స్ పదో తరగతితోనే వదిలేశాను. కాబట్టి నాకు అర్థమైన భాషలోనే రాస్తున్నాను.

అది కరెంటూ కాదు, సెకాయీ కాదు

తెలుగులో "కరెంట్ పెట్టడం" అంటాం. మన ఇళ్లలో "బిజ్లీ కీ సెకాయి" అంటాం. రెండు మాటలూ తప్పుదారి పట్టించేవే. రేడియోథెరపీలో రోగి ఒంట్లోకి కరెంట్ పంపరు, వేడితో కాల్చరు. మెషిన్ కింద పడుకున్నప్పుడు ఏమీ తెలియదు, ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నట్టే. వాడేది కూడా ఎక్స్‌రేలనే, కాకపోతే వాటికన్నా ఎంతో శక్తి ఎక్కువ ఉన్నవి. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టాక కొద్ది నెలలకే డాక్టర్లు వాటిని క్యాన్సర్ మీద వాడి చూడటం మొదలుపెట్టారు.

ఈ కిరణాలు కణం లోపలి డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణానికీ, పక్కనున్న మంచి కణానికీ దెబ్బ తగులుతుంది. తేడా ఎక్కడంటే, మంచి కణం కొన్ని గంటల్లో తనను తాను బాగు చేసుకుంటుంది. క్యాన్సర్ కణానికి ఆ పని సరిగా చేతకాదు. అందుకే మొత్తం డోసును ఒకేసారి ఇవ్వకుండా రోజూ కొంచెం కొంచెంగా ఇస్తారు. మాకు కామర్స్‌లో చెప్పిన వాయిదాల లెక్కే ఇది. మొత్తం బాకీ ఒక్కరోజే కట్టమంటే ఇల్లు మునుగుతుంది. వాయిదాల్లో కడితే ఇల్లు నిలబడుతుంది, బాకీ తీరుతుంది. ఇక్కడ ఇల్లు అంటే మన మంచి కణాలు. ఒక్కో వాయిదాను సిట్టింగ్ అంటారు. డోసును కొలిచే యూనిట్ పేరు గ్రే.

కిరణం నిజానికి పెద్దగా మారలేదు. గురి మారింది. ఖాలాకు నేను చెప్పాలనుకున్నదంతా ఈ ఒక్క మాటే.

నానీకి ఏం జరిగింది

ఆ రోజుల్లో చాలాచోట్ల ఉన్నది కోబాల్ట్ మెషిన్. 1951లో కెనడాలో మొదలైంది. మెషిన్ తలకాయలో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది. దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు, మూత తెరవడం, మూయడం మాత్రమే చేయగలం. 5 ఏళ్ల 3 నెలలకు దాని బలం సగానికి పడిపోతుంది. అప్పుడు అదే డోసు ఇవ్వడానికి రోగి రెట్టింపు సేపు పడుకోవాలి. దాని కిరణాలు చర్మం కింద అర సెంటీమీటరు లోతులోనే ఎక్కువ బలం చూపిస్తాయి. అంటే గడ్డ లోపలెక్కడో ఉంటే, పైనున్న చర్మం ముందుగా దెబ్బతింటుంది.

ఇంకో సమస్య గురి. మామూలు ఎక్స్‌రే ఫిల్మ్ మీద ఎముకలను చూసి, వాటి ఆధారంగా ఒక పెట్టె ఆకారం గీసేవారు. ఆ పెట్టెలో గడ్డ ఉన్న చోటుతో పాటు పేగులు, మూత్రాశయం కూడా పడేవి. నానీకి నెలల తరబడి విరేచనాలు అందుకే.

కోబాల్ట్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. అది లక్షల మందిని బతికించింది. మన దేశంలోనే బార్క్ శాస్త్రవేత్తలు భాభాట్రాన్ పేరుతో మెరుగైన కోబాల్ట్ మెషిన్ తయారుచేశారు. కరెంట్ సరిగా ఉండని ఊళ్లలో ఇప్పటికీ అది పనికొచ్చే యంత్రమే.

ఇప్పుడు ఎక్కువ ఆస్పత్రుల్లో ఉన్నది లీనియర్ యాక్సిలరేటర్. డాక్టర్లు లినాక్ అంటారు. ఇందులో రేడియోధార్మిక లోహం ఉండదు. కరెంట్‌తోనే అధికశక్తి ఎక్స్‌రేలు పుట్టిస్తుంది, స్విచ్ ఆపితే ఏమీ ఉండదు. కిరణం బలం చర్మం కింద దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు లోతు నుంచి ఎక్కువవుతుంది, అందుకే పై చర్మానికి దెబ్బ తక్కువ.

దీని నోట్లో ఇంకో సౌకర్యం ఉంది. రెండు దువ్వెనలను పళ్లు ఎదురెదురుగా పెట్టారనుకోండి. ఒక్కో పన్నూ విడిగా ముందుకీ వెనక్కీ జరుగుతుంటే మధ్యలో ఖాళీ ఆకారం మారుతూ ఉంటుంది కదా, అలాంటిది. ఆ పళ్లు టంగ్‌స్టన్ రేకులు, చాలా మెషిన్లలో 120 ఉంటాయి. సీటీ స్కాన్‌లో గడ్డ ఏ ఆకారంలో ఉందో చూసి, మెషిన్ చుట్టూ తిరుగుతుండగా రేకులు ఆ ఆకారానికి తగ్గట్టు కదులుతాయి. ఒక్కో దిక్కు నుంచి ఎంత బలం పంపాలో కంప్యూటర్ లెక్కగడుతుంది. దీన్నే ఐఎంఆర్‌టీ అంటారు. మెషిన్ తిరుగుతూనే చకచకా ఇచ్చేస్తే వీమ్యాట్. సిట్టింగ్‌కు ముందు బల్ల మీదే చిన్న స్కాన్ తీసి, నిన్నటి చోటే ఈరోజూ ఉందా అని సరిచూసుకుంటే ఐజీఆర్‌టీ. బిల్లులో ఈ మూడు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడకండి.

దీనివల్ల నిజంగా తేడా ఉందా, లేక బిల్లు పెంచడానికి పెట్టిన పేర్లా? నా మొదటి అనుమానం అదే. జవాబు ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల అధ్యయనంలో దొరికింది. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి రేడియేషన్ అవసరమైన 300 మంది మహిళలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాత పద్ధతికి దగ్గరగా ఉన్న రేడియేషన్, ఇంకో గుంపుకు స్కాన్ చూస్తూ ఇచ్చే ఐఎంఆర్‌టీ. 2021లో ఫలితాలు వచ్చాయి. మూడేళ్లలో చెప్పుకోదగ్గ పేగు సమస్యలు పాత పద్ధతిలో 42 శాతం మందికి, కొత్త పద్ధతిలో 21 శాతం మందికి. క్యాన్సర్ అదుపు మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది.

నానీ కథే ఆ అంకెల్లో ఉంది. అమ్మీకి చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు.

నోటి క్యాన్సర్ ఉన్న ఇళ్లకు

గుట్కా, జర్దా వల్ల మనవాళ్లలో నోటి క్యాన్సర్ ఎంత ఉందో మీకు తెలుసు. తల, మెడ భాగాల్లో రేడియేషన్ తీసుకున్నవాళ్లను పీడించే పెద్ద బాధ నోరు ఎండిపోవడం. చెవుల ముందున్న లాలాజల గ్రంథులు దెబ్బతింటే ముద్ద మింగడానికి ప్రతిసారీ నీళ్లు తాగాలి, రాత్రి నిద్ర పట్టదు, పళ్లు పాడవుతాయి. ఆ గ్రంథులను తప్పించి ఐఎంఆర్‌టీ ఇస్తే ఏమవుతుందని బ్రిటన్‌లో పరీక్షించారు. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం ఏడాది తర్వాత నోరు బాగా ఎండిపోయినవాళ్లు పాత పద్ధతిలో 74 శాతం, కొత్త పద్ధతిలో 38 శాతం. బాధ పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది.

ఇలాంటి రోగులు ముందే చేయించుకోవాల్సిన పని ఒకటుంది. రేడియేషన్ మొదలవక ముందే పళ్ల డాక్టర్‌కు చూపించాలి. పీకాల్సిన పళ్లు ముందే పీకించాలి. రేడియేషన్ తర్వాత దవడ ఎముకకు మానే శక్తి తగ్గుతుంది, అప్పుడు పన్ను పీకితే పుండు మానకుండా ఎముకే పాడయ్యే ప్రమాదం ఉంది. చాలామంది ఈ మాట చివర్లో వింటారు.

ముఖానికి ప్లాస్టిక్ మాస్క్ అచ్చు తీస్తారు. వేడినీళ్లలో మెత్తబడిన జాలీని ముఖం మీద పరిస్తే చల్లారి ఆ ఆకారానికి గట్టిపడుతుంది. రోజూ తల అదే చోట, అదే కోణంలో ఉండటానికి అది. గడ్డం ఉన్నవాళ్లు గమనించండి. అచ్చు తీసిన రోజు గడ్డం ఎంత ఉందో చివరిదాకా అలాగే ఉండాలి, లేకపోతే మాస్క్ బిగుతు మారిపోతుంది. ఎంత కత్తిరించాలో అచ్చుకు ముందే అడగండి. కిరణం తగిలే చోట గడ్డం రాలిపోవచ్చని కూడా ముందే తెలిసి ఉంటే మనసుకు తేలిక.

ఊపిరి బిగబట్టడమే టెక్నాలజీ

మళ్లీ ఖాలా దగ్గరికి వద్దాం. ఎడమ రొమ్ము అంటే దాని వెనకే గుండె. 2013లో స్వీడన్, డెన్మార్క్ మహిళల రికార్డుల మీద వచ్చిన అధ్యయనంలో, గుండెకు సగటున పడే డోసు ఒక గ్రే పెరిగినప్పుడల్లా తర్వాతి ఏళ్లలో గుండెజబ్బు ముప్పు 7.4 శాతం పెరుగుతుందని తేలింది. అందుకే గుండెను పక్కకు తప్పించడం ముఖ్యం.

దానికి కనిపెట్టిన ఉపాయం వింటే నవ్వొస్తుంది. రోగిని గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టమంటారు. ఊపిరితిత్తులు గాలితో నిండితే ఛాతీ గోడ ముందుకు లేస్తుంది, గుండె వెనక్కి, కిందికి జరుగుతుంది. ఆ 20 సెకన్లలోనే కిరణం వదులుతారు. ఊపిరి వదిలితే మెషిన్ ఆగిపోతుంది. ఖాలా ఇంట్లో వారంపాటు సాధన చేసింది, తస్బీహ్ పూసలు లెక్కపెడుతూ. మొదటి రోజు 12 పూసల దగ్గరే దగ్గు వచ్చేసింది. సిమ్యులేషన్ స్కాన్ నాటికి 25 దాకా వచ్చింది. అందరికీ ఇది కుదరదు. ఆయాసం ఉన్నవాళ్లకు వేరే ఏర్పాట్లు చేస్తారు.

25 రోజుల నుంచి 5 రోజులకు

నా దృష్టిలో పేదవాళ్లకు అన్నిటికన్నా మేలు చేసిన మార్పు ఇదే, దీనికి ఖరీదైన మెషిన్ కూడా అక్కర్లేదు. ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్‌కు 25 సిట్టింగులు ఇచ్చేవారు. వారానికి 5 రోజుల చొప్పున 5 వారాలు. రోజుకు కొంచెం ఎక్కువ డోసుతో మూడు వారాల్లో ముగిస్తే సరిపోదా అని బ్రిటన్‌లో 2,215 మంది మహిళల మీద పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. 15 సిట్టింగులు 25తో సమానంగా పనిచేశాయి, చర్మానికి ఇబ్బంది ఇంకా తక్కువే. తర్వాత 4,096 మందితో ఇంకో అధ్యయనం చేశారు. 15 సిట్టింగుల బదులు వారంలో 5 సిట్టింగులు. 2020లో వచ్చిన ఐదేళ్ల ఫలితాల్లో, అదే రొమ్ములో క్యాన్సర్ తిరగబెట్టినవాళ్లు 15 సిట్టింగుల గుంపులో 2.1 శాతం, 5 సిట్టింగుల గుంపులో 1.4 శాతం.

కామర్స్ బుర్ర కాబట్టి లెక్క వేశాను. మిర్యాలగూడ నుంచి వచ్చే మనిషికి 25 సిట్టింగులంటే ఐదు వారాల గది అద్దె, తోడు వచ్చినవాళ్ల ఐదు వారాల కూలి, ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్ల ఇబ్బంది. ఆస్పత్రి బిల్లు ఆరోగ్యశ్రీలో పోయినా ఈ ఖర్చు పోదు. చాలామంది మధ్యలో మానేసేది ఇందుకే. 15 లేక 5 అయితే పూర్తి చేస్తారు. అందరికీ 5 సరిపోదు. చంకలోని గ్రంథులకూ ఇవ్వాలా, రొమ్ము తిరిగి నిర్మించారా లాంటివి చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. కానీ "నాకు తక్కువ సిట్టింగుల పద్ధతి కుదురుతుందా?" అని అడగడంలో తప్పులేదు.

మధ్యలో మానేయడం మాత్రం ప్రమాదం. తల, మెడ క్యాన్సర్లలో చికిత్స ఒక్కో రోజు ఆలస్యమైనకొద్దీ క్యాన్సర్ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని డాక్టర్ల లెక్క. పెళ్లి ఉందనో, పండగ ఉందనో వారం ఎగ్గొడితే ఎంత నష్టమో మీరే చూడండి.

మనవాళ్లు అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు

ఖాలా అసలు భయాల్లో ఒకటి చాలా ఆలస్యంగా బయటపడింది. "మనవడిని ఎత్తుకోకూడదట కదా?" మిర్యాలగూడలో పక్కింటావిడకు రేడియేషన్ అయితే ఆమె గిన్నె, గ్లాసు వేరు చేశారట. ఇది పూర్తిగా తప్పు. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్‌లో రోగి ఒంట్లో ఏమీ మిగలదు. టార్చి లైటు ఆపేశాక గోడ మీద వెలుగు మిగలనట్టే. మనవడిని ఎత్తుకోవచ్చు, ఒకే దస్తర్‌ఖాన్ మీద తినొచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కు తాగించే రేడియో అయోడిన్ లాంటి కొన్ని చికిత్సల్లో మాత్రం కొన్నాళ్లు దూరం పాటించమంటారు. ఆ సంగతి ఆస్పత్రివాళ్లే ముందుగా చెబుతారు.

పర్దా సంగతి. సిట్టింగ్ సమయంలో గదిలో రోగి తప్ప ఎవరూ ఉండరు. సిబ్బంది బయట తెర మీద చూస్తూ మైకులో మాట్లాడతారు. కానీ పొజిషన్ సరిచేసేటప్పుడు ఛాతీ తెరవాల్సి ఉంటుంది. లేడీ టెక్నీషియన్ కావాలని మొదటి రోజే అడగండి, చివరి నిమిషంలో అడిగితే డ్యూటీ మార్చడం వాళ్లకు కష్టం. మిగతా ఒళ్లు దుప్పటితో కప్పుకోవచ్చు.

చర్మం మీద గురి కోసం చుక్కలు పెడతారు. కొన్నిచోట్ల పచ్చబొట్టులా చెరగని చుక్క వేస్తారు. మనకు పచ్చబొట్టు అంటే ఇబ్బంది కాబట్టి చాలామంది లోలోపల నలిగిపోతారు. అడగండి. పెన్ను గుర్తు వేసి పైన పారదర్శక స్టిక్కర్ అతికించే పద్ధతి ఉంది. కొన్ని కేంద్రాల్లో కెమెరాలే ఒంటి ఆకారాన్ని గుర్తుపట్టి గురి చూసుకుంటాయి, చుక్కతో పనిలేదు. పెన్ను గుర్తు ఉంటే వుజూ, స్నానం మానక్కర్లేదు. ఆ చోట సబ్బుతో రుద్దకుండా నీళ్లు పోసి మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. మెడలో తావీజ్, గొలుసు కిరణం దారిలో ఉంటే సిట్టింగ్‌కు ముందు తీసి ఇంటివాళ్ల చేతికి ఇవ్వండి.

రంజాన్‌లో రేడియేషన్ పడితే? రోగికి రోజా విషయంలో వెసులుబాటు ఖుర్ఆన్‌లోనే ఉంది. ముఖ్యంగా నోరు, గొంతు, పొట్ట భాగాల చికిత్సలో నీళ్లు, బలమైన తిండి తగ్గితే మనిషి నీరసించి సిట్టింగులే ఆగిపోతాయి. ముందు డాక్టర్‌తో, ఆ తర్వాత మీ మసీదు ఆలిమ్‌తో మాట్లాడండి. సిట్టింగ్ మానేసి రోజా ఉండాలని సొంతంగా నిర్ణయించుకోవద్దు.

పెద్ద పేర్లు, పెద్ద బిల్లులు

హోర్డింగుల మీద సైబర్‌నైఫ్, గామా నైఫ్, ప్రోటాన్ అని కనిపిస్తుంటాయి. మొదటి రెండింట్లో నైఫ్ అన్న మాటే ఉంది, కత్తి లేదు. చిన్న గడ్డ మీద చాలా కచ్చితమైన గురితో ఎక్కువ డోసును ఒకటి నుంచి ఐదు సిట్టింగుల్లో ఇచ్చే పద్ధతులవి. మెదడులో చిన్న గడ్డలకూ, ఊపిరితిత్తుల్లో తొలిదశ గడ్డలకూ బాగా పనికొస్తాయి. పెద్దగా పాకిన క్యాన్సర్‌కు కాదు.

ప్రోటాన్ కథ వేరు. ఎక్స్‌రే గడ్డను దాటి అవతలికి కూడా పోతుంది. ప్రోటాన్ కణం ఎంచుకున్న లోతులో బలమంతా వదిలి అక్కడే ఆగిపోతుంది. పిల్లల మెదడు, వెన్ను దగ్గరి గడ్డలకు ఇది నిజమైన వరం, ఎందుకంటే పెరిగే ఒళ్లులో అనవసరమైన డోసు పడకూడదు. 2019 నుంచి చెన్నైలో అపోలో కేంద్రంలో ఉంది. నవీ ముంబయి ఖార్‌ఘర్‌లో టాటా వాళ్లకూ ఉంది. ఖర్చు మామూలు రేడియేషన్‌కు ఎన్నో రెట్లు. పెద్దవాళ్లలో మామూలుగా వచ్చే క్యాన్సర్లు చాలావాటికి లినాక్ సరిపోతుంది. ఇల్లు తాకట్టు పెట్టి ప్రోటాన్‌కు పరుగెత్తే ముందు ఇంకో రేడియేషన్ డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. "ఒక్క సెకనులో క్యాన్సర్ మాయం" అని వాట్సాప్‌లో తిరిగేది ఫ్లాష్ అనే పద్ధతి. 2018లో స్విట్జర్లాండ్‌లో మొదటిసారి మనిషికి ఇచ్చారు, అది ఇంకా పరిశోధనలోనే ఉంది.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఎంఎన్‌జే అంటే మెహదీ నవాజ్ జంగ్, తర్వాత గుజరాత్‌కు మొదటి గవర్నర్ అయినాయన. 1955 నుంచి నడుస్తున్న ఈ ఆస్పత్రిలో లినాక్ చికిత్స ఉంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ప్రైవేట్ ఆస్పత్రికి వెళితే, డాక్టర్ రాసిన పద్ధతికి ప్యాకేజీ వర్తిస్తుందా, తేడా డబ్బు అడుగుతారా అన్నది సిమ్యులేషన్‌కు ముందే ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి. మాస్క్ అచ్చు తీశాక అడిగితే మీ చేతిలో ఏమీ ఉండదు.

ఖాలాకు 15 సిట్టింగులూ అయ్యాయి, అల్హమ్దులిల్లాహ్. ఏ ఇబ్బందీ రాలేదని చెప్పను. రెండో వారం నుంచి నీరసం, చంక కింద చర్మం ఎండకు కమిలినట్టు ఎర్రబడి తర్వాత కాస్త నల్లబడింది. ఆ నలుపు చూసిన రోజు మళ్లీ భయపడింది. నెలన్నరలో రంగు తిరిగొచ్చింది. ఇప్పుడు మిర్యాలగూడలో తెలిసినవాళ్లలో ఎవరికి రేడియేషన్ రాసినా ఖాలాకే ఫోన్ వస్తుంది. నోటి క్యాన్సర్ అంటే చాలు, సలామ్ అయిన వెంటనే ఆమె అడిగే మొదటి ప్రశ్న: "పళ్లు చూపించారా?"